వంతెన దగ్గర ఏవండీ

మేడమీది గది,
జూన్ 9.

మీకు నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్య, నేను క్షేమం. అక్కడ మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. ఫోనులో నేను ఊ అనడం తప్ప ఇంకో మాట అనడం లేదని, కనీసం కాగితం మీదైనా మాట్లాడమని రాశారు. నాకు ఉత్తరం రాయడం అంతగా రాదు. చదివింది ఐదో తరగతి. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే సర్దుకుని చదువుకోండి.

ఫోనులో నాకు నిజంగానే మాట రాదు. అటు మీ గదిలో ఆరుగురు. మీ గొంతు వెనక ఎవరో దగ్గడం, ఎవరో గిన్నె తోమడం వినిపిస్తుంది. ఇటు అత్తయ్య పక్కనే కూర్చుని దర్జీ పంపిన చొక్కాలకు కాజాలు కుడుతుంటారు. నేను ఫోను ఎత్తగానే ఆవిడ సూది ఆగిపోతుంది. పెళ్ళయ్యాక మనం ఒకచోట ఉన్నది పదిహేడు రోజులు. ఆ పదిహేడు రోజుల్లోనూ మాట్లాడింది మీరే. నేను విన్నాను. వినడం నాకు బాగుంది. అది మీకు చెప్పలేదు.

ఇక మీరు రాసిన కంప్యూటరు ఆట సంగతి. ఆ ఆటలో అడవులూ కోటలూ ఉంటాయనీ, ఎక్కడెక్కడివాళ్ళో వేలమంది ఒకేసారి అందులో తిరుగుతుంటారనీ, మనం కూడా ఆదివారం మూడింటికి అక్కడ కలిసి నడవొచ్చనీ రాశారు. నిన్న మధ్యాహ్నం మీ కంప్యూటరు మీద గుడ్డ తీశాను. అత్తయ్య దాన్ని వారం వారం తుడుస్తారు గాని ఎన్నడూ తెరవలేదు. అది బుర్రుమనగానే కిటికీ తియ్యమన్నారు, కాలిపోతుందేమోనని.

మీరు వెళ్ళేముందే అక్షరాలు మన భాషలోకి మార్చి ఉంచారు కాబట్టి చదవగలిగాను. ఏ జాతి అని అడిగితే మనిషి అని నొక్కాను. ఏ పని అని అడిగితే కత్తి, విల్లు, మంత్రం, వైద్యం చూపించింది. వైద్యం నొక్కాను. ఎవరినీ కొట్టక్కర్లేదని.

తప్పు ఆ తర్వాత జరిగింది. "పేరు" అని అడిగింది. పక్కన గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆస్పత్రిలో ఎవరినైనా చూడటానికి వెళ్తే వాకిట్లో కాపలా అతను ఇలాగే "పేరు" అంటాడు. అంటే లోపల ఉన్నవాళ్ళ పేరు. నేను వచ్చింది మీ కోసం. మీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని మిమ్మల్ని ఎలా పిలుస్తానో అదే రాశాను. నొక్కగానే ఒక అమ్మాయి రాతి వంతెన పక్కన నిలబడింది. ఆమె తల మీద "ఏవండీ" అని రాసి ఉంది.

అది నేనేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఎటు తిరగాలో తెలియక గోడవైపు మొహం పెట్టి అలాగే ఉండిపోయాను. గుర్రం మీద వచ్చినవాళ్ళెవరో "ఏవండీ, కాస్త జరుగుతారా" అని రాశారు. భయం వేసి ప్లగ్గు లాగేశాను. అప్పటికి మూడూ ఇరవై.

ఆ పేరు మార్చే దారి ఉంటే చెప్పండి. మిమ్మల్ని నవ్వులపాలు చేశానేమోనని దిగులుగా ఉంది.

ఇట్లు,
మీ భార్య.


ఆరో నంబరు గది,
ఓడల యార్డు,
జూన్ 22.

ఏవండీ గారికి,

ఇక నుంచి ఇలాగే పిలవాలి. పేరు మార్చడం కుదరదట. ఆ ఆట పెట్టినవాళ్ళ నియమం.

ఆ ఆదివారం వంతెన మీద నీ కోసం అటూ ఇటూ ఎంత తిరిగానో నీకు తెలియదు. అక్కడ ఒక మనిషి గోడకి మొహం పెట్టి నిలబడి ఉంటే, తల మీద ఏవండీ అని చూసి, ఎవడో వేళాకోళం గాడనుకుని పక్కనుంచి వెళ్ళిపోయాను. నువ్వు ఏవండీ అంటే పలకాల్సినవాణ్ణి, ఏవండీ అని రాసి ఉంటే గుర్తుపట్టలేకపోయాను. ఈ మాట గదిలో చెప్పాను. గురకాయన మంచం మీద నుంచి కింద పడి నవ్వాడు. (ఆయన రోజూ పెట్టే గురకకి ఆ పేరు మేమే ఇచ్చాం.) మా అందరిలో వయసైన పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మొగుడి పేరు అడిగారనుకుని పిలుపు రాసిందిరా, అదృష్టవంతుడివి" అన్నాడు.

ఎర్ర గడ్డంతో ఉన్న మరుగుజ్జుని నేను. పేరు సుత్తి. చేతిలో ఉన్నదీ అదే, నేను రోజంతా వేసేదీ అదేనని గదిలో వాళ్ళే పెట్టారు. పొట్టివాణ్ణి ఎందుకు ఎంచుకున్నానంటే, యార్డులో ఓడ కడుపు లోపలి సందుల్లోకి దూరి వెల్డింగు చేసేది నేనే. అక్కడ పొడుగువాళ్ళు పనికిరారు.

తిరగడానికి మౌసు కుడివైపు మీట నొక్కి పట్టుకుని జరుపు. ముందుకి నడవడానికి పైకి చూసే బాణం. వంతెన దగ్గర బుట్ట పట్టుకున్న ముసలమ్మ ఉంటుంది. ఆవిడ మీద నొక్కితే ఏదో పని చెప్పి, చేస్తావా అని అడుగుతుంది. కింద "అవును", "కాదు" అని రెండు గళ్ళు వస్తాయి. ఏదో ఒకటి నొక్కితేనే ముందుకి కదులుతుంది.

ఇంకో విషయం. మేస్త్రీ ఇంకో రెండేళ్ళు ఉంటావా అని అడుగుతున్నాడు. ఉండేటట్టయితే ఆగస్టు 25, సోమవారం పొద్దున్న సంతకం పెట్టాలి. లేకపోతే సెప్టెంబరులో ఇంటికి. ఇంటి దగ్గర గేట్లూ గ్రిల్లులూ చేసే షెడ్డువాడు ఎప్పుడు వస్తావని అడుగుతూనే ఉన్నాడు. నువ్వేమంటావు?

నీ
సుత్తి.


మేడమీది గది,
జూలై 7.

మీకు నమస్కారాలు.

నిన్న మిమ్మల్ని చూశాను. చూశాను అనొచ్చో లేదో తెలియదు. ఎర్ర గడ్డం పొట్టి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి నా ముందు గెంతాడు. "ఏవండీ, ఇటు రండి" అన్న అక్షరాలు కనిపించాయి. నాకు పైకి నవ్వు వచ్చేసింది. ఈ ఇంట్లో నేను పైకి నవ్వడం అదే మొదలనుకుంటాను, అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో వచ్చేశారు. కళ్ళజోడు పెట్టుకుని మిమ్మల్ని చూసి, "వీడేంటి ఇలా కుంచించుకుపోయాడు, అక్కడ తిండి సరిగ్గా పెట్టడం లేదా" అన్నారు. అది బొమ్మ అని చెప్పినా, గడ్డం మాత్రం తీయించుకోమని రాయమన్నారు.

అక్షరాలు కొట్టడం నాకు ఒక వేలితోనే వస్తోంది. మీరు నాలుగు మాటలు అడిగేసరికి నేను మొదటిదానికి జవాబు సగం కొట్టి ఉంటాను. అందుకే ఎక్కువగా మీ వెనక నడిచాను. మీరు ఆగితే ఆగాను. చెరువు దాటాక చెట్ల మధ్య సాయంత్రం వెలుగు పడటం బాగుంది. మీరు అక్కడ కాసేపు కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. కూర్చునే మీట ఏదో అప్పటికి తెలిసింది.

తోడేలు వచ్చినప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే సిగ్గుగా ఉంది. మీ తల మీద, ప్రాణం ఎంత మిగిలిందో చూపించే ఎర్ర గీత తగ్గిపోతోంది. వైద్యం చెయ్యాల్సింది నేనే. కానీ మీరు చెయ్యమనలేదు కదా, అడక్కుండా చేస్తే ఏమనుకుంటారోనని చూస్తున్నాను. మీరు పడిపోయారు. అత్తయ్య నన్ను కోప్పడ్డారు, "వాణ్ణి కుక్క పీకేస్తుంటే చూస్తూ కూర్చుంటావా" అని.

బుట్ట ముసలమ్మ దగ్గర కూడా చాలాసేపు నిలబడ్డాను. మూలికలు తెచ్చిపెడతావా అని అడిగింది. అవును, కాదు. మూడో గడి ఉందేమోనని కిందా పైనా వెతికాను. లేదు. చివరికి అవును నొక్కాను. మూలికలు తెచ్చి ఇచ్చాను కూడా. ఒక జత ఆకుపచ్చ చేతి తొడుగులు ఇచ్చింది.

మేస్త్రీ గారు అడిగిన సంగతికి, మీ ఇష్టం.

ఇట్లు,
మీ భార్య.


ఆరో నంబరు గది,
జూలై 20.

నీకు,

ఉత్తరం అందింది. చేతి తొడుగులు బాగున్నాయి.

నాలుగు పేజీల ఉత్తరంలో చివర రెండు మాటలు. మళ్ళీ మళ్ళీ చదివాను. వాటి వెనక ఇంకేమైనా ఉందేమోనని చూశాను. కనిపించలేదు.

ఆడపిల్లని పదిహేడు రోజులు చూసి, ఆమెకి నా మీద మనసుందనుకోవడం నా తొందర కావచ్చు. నేను వచ్చినా రాకపోయినా నీకు ఒకటే అయితే, రెండేళ్ళు ఇక్కడే ఉంటాను. మేస్త్రీకి సరేనని చెప్పాను. 25న సంతకం.

ఆదివారాలు కూడా పని ఉంటోంది. వంతెన దగ్గరికి రావడం కుదరదు. ఎదురుచూడకు.

అమ్మని జాగ్రత్తగా చూసుకో.


మేడమీది గది,
ఆగస్టు 11.

ఏవండీ,

నమస్కారాలు అని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపేశాను. అందుకని ఇలా మొదలుపెట్టాను.

మీరు రావద్దన్నారు గాని నేను వంతెన దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. మూడు ఆదివారాలు వెళ్ళాను. మీరు లేరు. మొదటిసారి ఊరికే నిలబడ్డాను. రెండోసారి ఒక కొత్త మనిషి వచ్చి గోడకి మొహం పెట్టి కదలకుండా ఉండిపోయింది. నాకు తెలుసు కదా ఆ బాధ. దగ్గరికి వెళ్ళి, "కుడి మీట నొక్కి పట్టుకుని జరపండి" అని రాశాను. ఆ ఒక్క మాట కొట్టేసరికి ఆమె వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. తిరిగి, నా వైపు చూసింది. "చాలా థాంక్సండి" అంది.

ఇప్పుడు వంతెన దగ్గర తిరిగేవాళ్ళు కొందరు నన్ను గుర్తుపడుతున్నారు. "ఏవండీ వచ్చారు", "ఏవండీ, ఇటు కాస్త మందు వెయ్యండి" అంటారు. నన్ను ఎవరైనా 'అండి' అనడం నా జన్మలో ఇదే మొదలు. పుట్టింట్లో నేను నలుగురిలో ఆఖరిదాన్ని. ఏయ్, ఒసేయ్, ఇలా రా. అంతే.

అక్కడ గుండ్రాయి అని ఒకాయన ఉన్నాడు. మనిషికి అడ్డంగా డాలు పట్టుకుని ముందు నడుస్తాడు. మొన్న గుహలోకి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు. దెబ్బలు తగులుతుంటే నేను మళ్ళీ చూస్తూ నిలబడ్డాను. బయటికి వచ్చాక ఆయన కోప్పడలేదు. "ఏవండీ, పడిపోయాక అడుగుదామంటే నేను పలకను కదండీ. గీత తగ్గుతున్నప్పుడే వెయ్యాలి. నేను అడగను. నాకు అడిగే తీరిక ఉండదు" అని రాశాడు.

ఆ మాట నా మనసులో పడింది. కాజా కుట్టేటప్పుడు సూదిలో దారం ఎంత మిగిలిందో నేను చూడను. చేతికి తెలుస్తుంది. తెగేదాకా ఆగితే ముడి కనిపిస్తుంది. చేతికి తెలిసే పని నోటికి ఎందుకు తెలియదో అనుకున్నాను. రెండోసారి గుహలోకి వెళ్ళినప్పుడు గుండ్రాయి ఒక్కసారి కూడా పడలేదు.

మీ ఉత్తరం వచ్చిన రోజు అత్తయ్య ఏమీ అడగలేదు. నేను కుట్టిన కాజాలు వంకరపోతుంటే చూసి, చొక్కా లాక్కుని విప్పుతూ చెప్పారు. "అమ్మాయ్, మావాడికి వాగడం వచ్చుగాని ఊహించడం రాదు. వాడికి తలకి నూనె పెట్టాలంటే కూడా ముందు చెప్పేదాన్ని, నూనె పెడుతున్నానురా అని. నీకేం కావాలో నోరు తెరిచి చెప్పు."

అందుకని చెబుతున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఐదో తరగతి అయ్యాక మా నాన్న నన్ను పిలిచి, ఆరుకి వెళ్తావా, ఇంట్లో ఉంటావా అని అడిగారు. నాకు వెళ్ళాలని ఉంది. కొత్త పుస్తకాలకి వేసే అట్టలు కూడా దాచిపెట్టుకున్నాను. కానీ నాన్న మొహంలోకి చూసి వెళ్తానని చెప్పడం పొగరనుకున్నాను. తల వంచుకుని "మీ ఇష్టం" అన్నాను. ఆయనకి అర్థమవుతుందనుకున్నాను. ఆయన సరే అయితే, అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత అమ్మతో అంటుంటే విన్నాను. "దానికి చదువంటే ఇష్టం లేదు పాపం. బలవంతం ఎందుకని మాన్పించాను."

నాన్న చెడ్డవారు కారు. వెళ్తానంటే పంపేవారే. నన్ను బడి మాన్పించింది నా మాటే.

మీకు కూడా అదే మాట రాశాను. మీరు కూడా సరే అన్నారు.

ఫోనులో చెబుదామని ప్రయత్నించాను. పోయిన ఆదివారం మీరు ఎత్తి హలో అనగానే ఊ అన్నాను. ఆ తర్వాత మీరు అమ్మకివ్వమన్నారు.

కాబట్టి బుట్ట ముసలమ్మ అడిగినట్టు నన్ను నేనే అడిగి, కింద రెండు గళ్ళు గీస్తున్నాను. స్కేలు లేక కాజా కొలిచే అట్టముక్క పెట్టి గీశాను.

ఆయన ఇంకో రెండేళ్ళు అక్కడ ఉండాలా?

అవును ☐          కాదు ☒

పెన్ను గట్టిగా నొక్కేసరికి కాగితం చిరిగింది. ఏమనుకోకండి.

ఏవండీ.


ఆరో నంబరు గది,
ఆగస్టు 31.

ఏవండీ గారికి,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. యార్డు పాత గేటు దగ్గరికి వెళ్ళి అక్కడ గూట్లో పది రోజులు కూర్చుందట. సంతకం గడువు పోయిన సోమవారంతోనే అయిపోయింది.

కంగారు పడకు. మొత్తం చదువు.

ఆ ముందురోజు ఆదివారం నాకు పనేమీ లేదు. నిజానికి ఏ ఆదివారమూ లేదు. అబద్ధం రాశాను. అలిగాను. తెల్లారితే సంతకం కదా, ఒకసారి ఆ చెట్ల దగ్గర కూర్చుని వద్దామని లోపలికి వెళ్ళాను. వంతెన మీద నువ్వు ఉన్నావు. నీ చుట్టూ నలుగురు కొత్తవాళ్ళు. ఒకడికి తిరగడం నేర్పుతున్నావు.

నన్ను చూడగానే వాళ్ళని వదిలేసి వచ్చావు. ఒక్క అక్షరం రాయలేదు. నా మీద వైద్యం చేసే ఆకుపచ్చ వెలుగు కురిపించడం మొదలుపెట్టావు. నాకు దెబ్బేమీ లేదు. గీత నిండుగా ఉంది. ఒకటి అయిపోగానే ఇంకోటి వేస్తూనే ఉన్నావు. గురకాయన నా వెనక నిలబడి, "ఏమీ తగలనివాడికి మందేస్తోందేంట్రా" అన్నాడు. పెద్దాయన, "తగిలింది. నీకు కనబడదు" అన్నాడు.

అప్పుడు నీ తల మీద మాట వచ్చింది. "వద్దు."

ఏం వద్దు అని అడిగాను. గదిలో స్టవ్వు మీద నీళ్ళు మరిగి పొంగిపోయాయి, ఎవరూ లేవలేదు. ఆరుగురం తెర వైపే చూస్తున్నాం. నీ ఒక్క వేలు అక్కడ అక్షరాలు వెతుక్కుంటోందని నాకు తెలుసు. ఎంతసేపటికో వచ్చింది. "సంతకం."

నేను నిజంగానా అని అడగబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. ఇంకా కొడుతోంది."

"నా ఇష్టం."

గురకాయన మొహం తుడుచుకోవడానికి బయటికి వెళ్ళాడు. నాకు ఏం రాయాలో తెలియలేదు. నేను, సుత్తిగాణ్ణి. గెంతే మీట నొక్కాను. చాలాసేపు నొక్కాను.

సోమవారం పొద్దున్న మేస్త్రీ దగ్గరికి వెళ్ళి పెట్టనని చెప్పాను. కారణం అడిగాడు. మా ఆవిడకి ఇష్టం లేదన్నాను. ఆ మాట అంటుంటే నాకెంత గర్వంగా ఉందో.

ఇవాళ నీ ఉత్తరం చదివాక గళ్ళ దగ్గర చిరిగిన కాగితాన్ని టేపుతో అతికించి పెట్టెలో పెట్టుకున్నాను. పదిహేడు రోజులు నీ పక్కన కూర్చుని నేను మాట్లాడుతూనే ఉన్నాను. నీకేం కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినప్పుడు కూడా సందు ఇవ్వకుండా అలిగాను. గీత తగ్గేది నాకు కనిపించకపోయినా, నువ్వు చెబుతావనే ధైర్యంతో వస్తున్నాను.

సెప్టెంబరు 20న బయల్దేరతాను. వచ్చాక షెడ్డులో చేరతాను. నువ్వు దాచుకున్న అట్టలు ఇంకా ఉన్నాయా? ఆరో తరగతి పుస్తకాలు పెద్దవాళ్ళు కూడా చదవొచ్చట, పెద్దాయన చెప్పాడు. చదువుతావా? జవాబులో మీ ఇష్టం అని మాత్రం రాయొద్దు.

ఇంటికి వచ్చాక తలుపు దగ్గర నిలబడి ఏవండీ అని పిలుస్తాను. పలుకుతారా?

మీ
సుత్తి.


మేడమీది గది,
సెప్టెంబరు 11.

ఏవండీ,

ఈ ఉత్తరం మీరు బయల్దేరేలోగా అందుతుందో, దారిలో మీకు ఎదురుపడుతుందో తెలియదు. అందుకే చిన్నదిగా రాస్తున్నాను.

మీరు రెండు సంగతులు అడిగారు. మొదటిది చదువు సంగతి, దానికి అవును. అట్టలు మా అమ్మ దగ్గర ఉన్నాయి, తెప్పిస్తున్నాను.

రెండోదానికి అత్తయ్యకి ఒక సందేహం వచ్చింది. మీరు బయట నిలబడి ఏవండీ అని పిలిచి, నేను లోపల్నుంచి ఏవండీ అని పలికితే, ఎవరు ఎవరిని పిలిచారనుకుని ఆవిడ తలుపు తియ్యాలట.

తలుపు నేనే తీస్తానని చెప్పాను.

ఏవండీ.